‘బాబోయ్ బాతు’: ఇరవై అయిదో సంగతి

నవంబర్ 4

అక్కా,

ఉత్తరం చూసి కంగారుపడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ప్రెస్సులో ఇప్పుడు ఫోన్లు గేటు దగ్గరే తీసుకుంటున్నారు. సాయంత్రం చేతికొచ్చేసరికి మాట్లాడే ఓపిక ఉండటం లేదు. కాగితాలకి మాత్రం ఇక్కడ కరువు లేదు. ఇది దిద్దేసిన ప్రూఫు వెనకవైపు. తిప్పి చూస్తే పోయినవారం గళ్ళనుడికట్టు జవాబులుంటాయి. బావగారికి చూపించకు, తనే పూర్తి చేశానని చెప్పుకుంటారు.

అసలు సంగతి ఇది. మా వారపత్రిక డిసెంబర్ ఆఖరి సంచికలో ‘బాబోయ్ బాతు గురించి మీకు తెలియని ఇరవై అయిదు సంగతులు’ అని రెండు పేజీలు వేస్తున్నారు. నన్ను రాయమన్నారు. ప్రూఫులు దిద్దేవాడు రాయడమేంటని సబ్ ఎడిటర్ మూతి ముడిచాడు. "ఆ సినిమా వీడికి వచ్చినంత, తీసినవాడికి కూడా రాదయ్యా" అన్నారు ఎడిటర్ గారు. నిజమే మరి. ఏటా డిసెంబర్ వచ్చిందంటే ఆ క్యాసెట్టు పెట్టుకుని అమ్మతో కలిసి మనం ముగ్గురం చూసేవాళ్ళం కదా. క్రిస్మస్ విందుకి తెచ్చిన బాతుని ఇంట్లో బుడ్డోడు దాచేస్తాడు, ఏడుగురు పెద్దవాళ్ళు ఇల్లు పీకి పందిరేస్తారు, అంతే కథ. అయినా ప్రతిసారీ నవ్వేవాళ్ళం.

ఇరవై నాలుగు రాసేశాను. మంచు మంచు కాదు, ఉప్పూ సబ్బు నురగా. తీసింది మండుటెండల్లో. తాతగా వేసినాయన, కొడుకుగా వేసినాయన కంటే రెండేళ్ళు చిన్న. హాల్లో గోడ గడియారం సినిమా మొత్తం నాలుగూ పదే చూపిస్తుంది. బాతుగా వేసినవి అయిదు, వాటిలో ఒకటి తండ్రి వేషగాడి వేలు నిజంగానే కరిచింది, ఆ కేక నటన కాదు.

ఇరవై అయిదోది అమ్మది. బుడ్డోడికి మన భాషలో గొంతిచ్చింది అమ్మ అని రాస్తాను. టైటిల్స్‌లో తన పేరు లేదు. పోయిన నెల ఇంకో పత్రికవాళ్ళు ఆ గొంతు ఎవరో వేరే ఆవిడదని వేశారు. తప్పు దిద్దడం నా ఉద్యోగం. ముఖ్యంగా మెట్ల కింద గదిలో గడియ పడిపోయి, చీకట్లో "అమ్మా! తలుపు తియ్యమ్మా!" అని వాడు ఏడ్చే నాలుగు సెకన్లు. అంతసేపూ నవ్విన సినిమా హాలు అక్కడ నిశ్శబ్దమైపోయేదని చెప్పుకుంటారు. ఆ సీను రాగానే అమ్మ లేచి టీ పెట్టడానికి వెళ్ళిపోయేది, గుర్తుందా? తన గొంతు తను వినాలంటే సిగ్గేమో.

ఎడిటర్ గారు రుజువు అడుగుతున్నారు. అమ్మ డబ్బింగ్ నోటుపుస్తకం, నీలం అట్టది, బీరువాలో ఉండాలి. పంపు. పేజీలు డిసెంబర్ 12న అచ్చుకి వెళ్తాయి.

అమ్మ పోయి పదకొండు సంచికలయింది.

చిన్నోడు

నవంబర్ 9

ఒరేయ్ చిన్నోడా,

క్షేమమా అని అడగను. అడిగితే "బానే ఉన్నా" అంటావు, ఆ ముక్క నాకు కంఠతా వచ్చు. ఫోన్లు గేటు దగ్గర పెట్టించుకుంటున్నారా? ఆదివారాలు కూడా గేటు నీ నెత్తిమీదే ఉంటుందా? పదిహేడుసార్లు చేశాను. మీ బావ లెక్కపెట్టారు, నేను కాదు.

ఇక్కడ లాండ్రీలో చలికాలం మొదలైంది. అంటే దుప్పట్లు. ఒక్కొక్కళ్ళు ఆర్నెల్లు అటక మీద పడేసి, ఇప్పుడు తెచ్చి రేపటికి కావాలంటారు. నిన్న ఒకాయన చొక్కా చీటీ పోగొట్టుకుని, నీలం చొక్కా నాదే అంటూ దండెం మీదున్న పదకొండు నీలం చొక్కాలూ వాసన చూశాడు. ఆవిరికి నా చేతులు ఎర్రగా అయిపోయాయి. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నాకు మాట్లాడే మనిషి లేక. అమ్మ ఉంటే ఆ చొక్కాలాయన గొంతు పెట్టి నన్ను నవ్వించేది.

సంగతులు బాగున్నాయి. ఒకటి మర్చిపోయావు. మన భాష సినిమాలో బాతు అరుపులు బాతువి కావు. ప్రింటులో అరుపు నీరసంగా ఉందని స్టూడియో సౌండాయన చిరిగిపోయిన సైకిలు హారను తెచ్చి తనే నొక్కాడు. అమ్మ చెప్పింది. అది వేసుకో. ఇరవై నాలుగూ అదీ కలిపితే ఇరవై అయిదు. సరిపోయింది కదా. అమ్మ సంగతి ఎందుకురా ఇప్పుడు పత్రికలకెక్కించడం? ఆవిడ బతికుండగా ఎప్పుడైనా అడిగిందా నా పేరు వెయ్యండని?

నోటుపుస్తకం ఎక్కడుందో చూడాలి. బీరువా ఇంకా సర్దలేదు. సర్దడానికి ఒక్కదాన్నే ఉన్నానుగా. నువ్వు వచ్చినవాడివి ఒక్క పూట ఉండి, ప్రూఫులున్నాయని వెళ్ళిపోయావు. ఆసుపత్రిలో ఆఖరి పది నిమిషాలు కూడా టీ తాగడానికి పోయినవాడివి, నిన్ను ఏమనగలను?

అనేశాను. కొట్టేయను, అలాగే ఉండనీ. నీకు దిద్దే అలవాటు కదా, దిద్దుకో.

రూములో గడియ పెట్టుకుని పడుకుంటున్నావా? నలభై ఏళ్ళొస్తున్నాయి, ఇంకా తలుపు ఓరగా వేసి పడుకుంటే దొంగలు నీకు దుప్పటి కప్పి మరీ దోచుకుపోతారు.

నీ మీద కోపంగా ఉన్న,
అక్క

నవంబర్ 14

అక్కా,

సైకిలు హారను చేర్చాను. పదహారోది చేశాను. పాత పదహారు, ఎర్రకారు మూడుసార్లు అటే వెళ్ళడం, తీసేశాను. కాబట్టి ఇరవై అయిదోది ఇంకా అమ్మదే.

టీ సంగతి తరువాత ఎప్పుడైనా.

గడియ పెట్టుకోను. పెడితే నిద్ర రాదు. ఎందుకో తెలియదు. అది నా రోగం, దాన్ని వదిలెయ్.

ఇక్కడ పని మామూలే. ఉదయం ఎనిమిదికి గ్యాలీ ప్రూఫులు వస్తాయి, మధ్యాహ్నానికి రెండోసారి, సాయంత్రానికి మూడోసారి. అమ్మ పోయిన వారం సంచికలో నేను ఒక్క తప్పు కూడా వదల్లేదు. ఎడిటర్ గారు అందరి ముందూ మెచ్చుకున్నారు. నీకు ఇది చెబితే కోపం వస్తుందేమో, కానీ అదే నిజం. నాకు బాధగా లేదు, సంతోషంగా లేదు. అన్నం తింటున్నాను. గడ్డం గీసుకుంటున్నాను. పక్క సీటాయన సానుభూతిగా భుజం మీద చెయ్యి వేస్తే, ఆయన చేతికి సిరా ఉందేమో, చొక్కాకి అంటుతుందేమో అనుకున్నాను.

రోజూ పొద్దున ఒకటి చేస్తాను. ‘బాబోయ్ బాతు’ పెట్టి ఆ నాలుగు సెకన్లు వింటాను. అమ్మవి ఫొటోలున్నాయి, గొంతు ఇంకెక్కడుంది? సినిమాలో మిగతా మాటలు కూడా అమ్మవే గాని, అవి బుడ్డోడివిలా ఉంటాయి. ఇది ఒక్కటే వేషం లేకుండా ఉంటుంది. విన్నాక కూడా ఏమీ అనిపించదు. అయినా రేపూ వింటాను.

నోటుపుస్తకం ఇవ్వడం ఇష్టం లేకపోతే సూటిగా చెప్పు. వేరే దారి చూసుకుంటాను. సౌండాయన అడ్రసు ఉందా?

చిన్నోడు

నవంబర్ 20

చిన్నోడా,

సౌండాయన పోయి ఆరేళ్ళయింది. ఆయన దగ్గరికి వెళ్ళాలంటే నీకు అడ్రసు ఇవ్వలేను, క్షమించు.

ఇదిగో నీ నోటుపుస్తకం. రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. దాచుకుని నేనేం చేసుకుంటాను? ఇస్త్రీ చేసి మడతపెట్టుకుంటానా? "ఇష్టం లేకపోతే సూటిగా చెప్పు" అట. ఆ ఒక్క వాక్యానికి నేను రెండు పూటలు అన్నం తినలేదు. మీ బావ "అక్కాతమ్ముళ్ళు పోట్లాడుకోవడానికి తపాలా శాఖని పోషిస్తున్నారు" అంటున్నారు. ఆయనకి అన్నీ నవ్వులాటే.

అమ్మ చీరలు మా లాండ్రీలోనే ఉతికించాను. చీటీ మీద పేరు రాయాలి కదా, కుర్చీలో కూర్చుని అలవాటుగా అమ్మ పేరే రాసేశాను. నాలుగు రోజులు దండెం మీద ఉన్నాయి, ఎవరో వచ్చి తీసుకుంటారన్నట్టు. మా దగ్గర పని చేసే ఇస్త్రీ ఆవిడ వచ్చి "అమ్మగారూ, ఇవి మనవే కదండీ" అంది. అప్పుడు ఏడ్చాను. నువ్వెప్పుడు ఏడుస్తావురా?

ఒక మాట. ఆ ఇరవై అయిదోది రాస్తే, "సినిమా అంతా బుడ్డోడి గొంతు ఆవిడదే" అని పైపైన రాసి వదిలెయ్యి. ఆ ఏడుపు సీను గురించి విడిగా ఎత్తకు. అన్నిట్లోకీ అదొక్కటే ఏం గొప్ప? చెప్పిన మాట ఒక్కసారి విను.

అక్క

నవంబర్ 25

అక్కా,

నోటుపుస్తకం అందింది. రెండు రోజులు చదివాను.

అమ్మ రాత ఎంత బాగుందో మర్చిపోయాను. కాగితానికి ఒకవైపే రాసి, పైన పేజీ అంకె వేసింది. ప్రతి మాట కిందా ఊపిరి ఎక్కడ పీల్చాలో చిన్న గీత. బుడ్డోడు పరిగెత్తే చోట "కడుపు నొక్కి చెప్పు" అని ఉంది. తినే చోట "బుగ్గలో వేలు" అని ఉంది. అంటే వేలు బుగ్గలో పెట్టుకుని చెప్పిందన్నమాట. వాళ్ళ భాషలో వాడు మూడు మాటలంటే మనకి ఏడొస్తాయి. ఆ ఏడింటినీ వాడి నోరు మూసుకునేలోపు ఎలా ఇరికించిందో పక్కన సంఖ్యలు వేసుకుంది. ఎడిటర్ గారికి చూపించాను. "ఇంకేం రుజువు కావాలయ్యా" అన్నారు.

కానీ నలభై ఆరో పేజీ తరువాత నలభై ఎనిమిది ఉంది.

బ్లేడుతో కోశారు. నేను రోజంతా కాగితాలు చూసేవాణ్ణి. పాత కోతయితే అంచు మిగతా పేజీలాగే పసుపెక్కుతుంది. ఇది తెల్లగా ఉంది. నలభై ఆరులో బుడ్డోడు బాతుని చంకలో పెట్టుకుని మెట్ల కింద గదిలోకి దూరతాడు. నలభై ఎనిమిదిలో వాళ్ళ నాన్న గడియ తీస్తాడు. పోయిన పేజీ ఏ సీనుదో నేను చెప్పక్కర్లేదు.

ఆ పేజీ నీకెందుకు? అదొక్కటి నువ్వు ఉంచుకుని మిగతాది నాకు పంపావు. ఉంచుకుంటానని అడిగి ఉంటే నేనే ఇచ్చేవాణ్ణి. కోయడం దేనికి?

సరే, నేనూ అబద్ధమాడాను కాబట్టి చెప్పేస్తాను. ప్రెస్సులో ఎవరూ ఫోన్లు తీసుకోరు. ఎత్తడం లేదు, అంతే. నీ గొంతు అమ్మ గొంతే. మనింటికి ఫోన్ చేసినవాళ్ళంతా ఎప్పుడూ పొరబడేవాళ్ళు కదా. అమ్మ పోయిన మర్నాడు నువ్వు చేసి "తిన్నావా?" అన్నావు. ఫోన్ పెట్టేశాను. లైను తెగిందనుకున్నావు.

ఇంకోటి. ఆ రోజు నేను టీకి పోలేదు. ఐసీయూలోకి ఒక్కరే రావాలన్నారు, నువ్వు లోపల ఉన్నావు. నేను తలుపు బయటే నిలబడ్డాను. అద్దంలోంచి నీ వీపు కనబడుతోంది. తలుపు కొడదామని చెయ్యి ఎత్తాను. నర్సు విసుక్కుంటుందేమోనని దించేశాను. పది నిమిషాలు అలాగే నిలబడ్డాను, నువ్వు బయటికొచ్చేదాకా. అప్పటినుంచి ఇలాగే ఉంది నాకు. చెయ్యి అక్కడే ఆగిపోయినట్టుంది.

అందుకే ఆ నాలుగు సెకన్లు. నేను అడగలేనిది అమ్మ నా బదులు అడుగుతున్నట్టుంటుంది. నాకు ఇంకేమీ మిగల్లేదక్కా. ఆ పేజీ పంపు.

చిన్నోడు

డిసెంబర్ 1

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడు రోజులు గల్లాపెట్టె కింద పెట్టి తిరిగాను. దుకాణంలో ఎవరేం అడిగినా "రేపు రండి" అన్నాను. తలుపు బయటే ఉన్నావని నాకు తెలియదురా. వెనక్కి తిరిగి చూడలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని ఉన్నాను, వదిలితే ఏమవుతుందోనని. టీకి పోయావని నిన్ను అన్నందుకు నా నోరు పడిపోను.

ఆ పేజీ నేనే కోశాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నువ్వు అడగకముందే నీ మీద కోపం కూడా తెచ్చుకున్నాను. ఉంచుకోవాలని కోయలేదు, నువ్వు చూడకూడదని కోశాను. ఇప్పుడు ఇందులో పెడుతున్నాను. అది చదవకముందు ఇది చదువు.

నీకప్పుడు నాలుగేళ్ళు, నాకు పదకొండు. ఇంట్లో చూసేవాళ్ళెవరూ లేక అమ్మ మనిద్దర్నీ స్టూడియోకి తీసుకెళ్ళేది. ఇద్దరం సౌండాయన బల్ల పక్కన కూర్చునేవాళ్ళం. సినిమా అంతా బాగా అయిపోయింది. ఆ ఒక్క సీను దగ్గర ఆగిపోయింది. అమ్మ ఏడుసార్లు చెప్పింది. ఏడుసార్లూ సౌండాయన తల అడ్డంగా ఊపి "పెద్దమనిషి ఏడుస్తున్నట్టుందమ్మా" అన్నాడు. అమ్మకి గొంతు పోయింది. అప్పుడాయన నిన్ను చూశాడు. "చీకటి సీను, పెదవులు కనబడవు. కలవాల్సిన పని లేదు. చిన్నోడితో అనిపించండి" అన్నాడు.

నువ్వు అననే అనలేదు. అమ్మ కొంగు నోట్లో పెట్టుకుని నుంచున్నావు. చాక్లెట్ ఇస్తామన్నారు, వద్దన్నావు. ప్రింటు మర్నాడే వెళ్ళిపోవాలట. అమ్మ నిన్ను లోపల స్టూలు మీద కూర్చోబెట్టి, మైకు కిందికి దించి, "ఇప్పుడే వస్తా నాన్నా" అని బయటికొచ్చి తలుపు లాగేసింది. ఆ తలుపు ఎంత మందమో, లోపలివాడికి బయట చప్పుడు వినబడదు. లైటు తీసేశారు. లోపలి చప్పుడు మాత్రం సౌండాయన బల్ల మీది స్పీకర్లో మాకు వినబడుతోంది.

నువ్వు తరువాత స్టూలు దిగి, రెండు చేతులతో తలుపు బాదుతూ "అమ్మా! తలుపు తియ్యమ్మా!" అన్నావు. అదే. సినిమాలో ఉన్నది అదే. బాదుడు కూడా నీదే.

నేను అమ్మ పక్కనే ఉన్నాను. అమ్మ చెయ్యి తలుపు పిడి మీదే ఉంది, ఒక్క క్షణం కూడా తీయలేదు. సౌండాయన వేలెత్తి "ఇంకొక్కసారి, ఇంకొక్కసారి" అంటున్నాడు. మొత్తం నిమిషం కూడా కాదేమో. అమ్మ తలుపు తోసుకుని వెళ్ళి నిన్ను ఎత్తుకుంది. "ఇక్కడే ఉన్నాన్రా, ఎక్కడికీ పోలేదు" అంది. ఒకసారి కాదు, బస్సులో ఇంటికొచ్చేదాకా అదే మాట. నువ్వు వెక్కుతూ వెక్కుతూ నిద్రపోయావు. లేచేసరికి మర్చిపోయావు.

అమ్మ మర్చిపోలేదు. నాతో ఒట్టు వేయించుకుంది. "నా గొంతు నేను అమ్ముకున్నాను సరే, వాడి ఏడుపు కూడా అమ్ముకున్నానని వాడికి తెలియకూడదే" అంది. ఏటా ఆ సీను రాగానే టీకి లేచింది సిగ్గుతో కాదు. వంటింట్లో స్టవ్ కూడా వెలిగించేది కాదు. గిన్నె పట్టుకుని నుంచునేది. నేను ఒకసారి వెళ్ళి చూశాను.

నువ్వు రోజూ వింటున్నానని రాశాక, ఇది చెబితే నీకు మిగిలిన ఆ ఒక్కటీ లాగేసుకున్నదాన్ని అవుతానని భయపడ్డాను. చెప్పకపోతే అబద్ధం అచ్చవుతుంది, అదీ నీ చేతి మీదుగా. ఒట్టు తప్పాను. అమ్మ తిడితే నన్నే తిడుతుంది.

మిగతా సినిమా అంతా అమ్మేరా. బుగ్గలో వేలు పెట్టుకుని చెప్పింది కూడా అమ్మే. అవి విను.

నీ అక్క

డిసెంబర్ 6

అక్కా,

నలభై ఏడో పేజీ అందింది. దాని చోట పెట్టి అంటించాను. కోత కనబడుతోంది, కనబడనీ.

పేజీలో మాటలు కొట్టేసి, మార్జిన్లో "ఈ ఒక్కటీ చిన్నోడు" అని రాసింది అమ్మ. కింద ఊపిరి గీతలు లేవు. పక్కన సంఖ్యలూ లేవు. మొత్తం పుస్తకంలో అలా ఉన్న పేజీ అదొక్కటే.

నాకేమీ గుర్తులేదు. స్టూలు గుర్తులేదు, చీకటి గుర్తులేదు. గుర్తు తెచ్చుకుందామని మొన్న రాత్రి గడియ పెట్టి పడుకున్నాను. కాసేపటికి లేచి తీసేశాను.

నిన్న పొద్దున మళ్ళీ విన్నాను. ఏడుపు రాలేదు నాకు. నువ్వు అడుగుతావని ముందే రాస్తున్నాను. కానీ ఒకటి అర్థమైంది. ఆసుపత్రిలో తలుపు కొట్టలేకపోయానని కదా నా బాధ. కొట్టేశానక్కా. ముప్పై నాలుగేళ్ళ కిందటే కొట్టేశాను, రెండు చేతులతో. రికార్డయి ఉంది. అప్పుడు తలుపు అవతల అమ్మ ఉంది, పిడి మీద చెయ్యి పెట్టుకుని.

ఇరవై అయిదోది మార్చాను. ఇలా వెళ్తోంది: "ఈ సినిమాలో పిల్లాడి మాటలన్నీ చెప్పింది ఒక తల్లి. మెట్ల కింద గదిలో ఏడుపు మాత్రం ఆవిడ నాలుగేళ్ళ కొడుకుది. అప్పుడు ఆవిడ తలుపు అవతలే ఉంది." దాని ముందు అమ్మ పేరు, ఇంటిపేరుతో సహా. ఒత్తులు మూడుసార్లు చూశాను. "ఇందులో నవ్వడానికేముందయ్యా?" అన్నారు ఎడిటర్ గారు. "ఏమీ లేదండీ, సంగతి అంతే" అన్నాను. ఉండనిచ్చారు.

అమ్మ ఒట్టు నువ్వు తప్పలేదు, కోత పట్టుకుని అడిగింది నేను. పేజీ కోసి పంపినా నేను కనుక్కుంటానని నీకు తెలుసు. ప్రూఫులు దిద్దేవాడికి నలభై ఆరు తరువాత నలభై ఎనిమిది పంపిన మనిషివి, దాచాలనే దాచావా?

ఆదివారం పొద్దున పదింటికి ఫోన్ చెయ్యి. ఎత్తుతాను. హలో అనకు. తిన్నావా అనకు. తలుపు తీసి నన్ను ఎత్తుకుని అమ్మ ఏమందో, ముందు అదొక్కటి అను.

చిన్నోడు